పాత రిజిస్టర్లకు పేర్ల సూచిక: ఫ్యామిలీసెర్చ్ ఇండెక్సింగ్ సేవపై సమీక్ష

రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసినవారికి సూచిక విలువ వేరే చెప్పనక్కరలేదు. రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లు ఒకటో నంబరు ఇండెక్సులోనూ, ఆస్తి వివరాలు రెండో నంబరు ఇండెక్సులోనూ ఎక్కకపోతే, దస్తావేజు బీరువాలో ఎంత భద్రంగా ఉన్నా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) కోసం వచ్చిన మనిషికి అది లేనట్టే లెక్క. పదవీ విరమణ తరువాత నల్లకుంటలోని మా ఇంటి నుంచి ఏడాదిన్నరగా నేను చేస్తున్న స్వచ్ఛంద సేవ కూడా అలాంటిదే: ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు కోసం పాత రికార్డుల్లోని పేర్లకు సూచిక తయారుచేయడం. ఇక్కడ జనం వెతుక్కునేది తాతముత్తాతలను.

ఫ్యామిలీసెర్చ్‌ను అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా లేటర్-డే సెయింట్స్ చర్చి నడుపుతోంది. 1894లో వంశచరిత్ర సంఘంగా మొదలైన ఈ సంస్థ, 1938 నుంచి దేశదేశాల చర్చి రిజిస్టర్లను, కోర్టు కాగితాలను, జనాభా లెక్కల పట్టీలను మైక్రోఫిల్ముకు ఎక్కించి, అలా పోగైన దాదాపు 24 లక్షల రీళ్లను 2021 నాటికి డిజిటల్ రూపంలోకి మార్చింది. పూర్వీకుల పేర్లు సేకరించి, గతించిన వారి తరఫున బాప్తిస్మం జరిపించడం ఆ చర్చి విశ్వాసంలో భాగమన్న సంగతి తెలుసుకునే చేరాలని నా అభిప్రాయం. చేరడానికి ఆ చర్చి సభ్యత్వం అక్కరలేదు, రుసుమూ లేదు. అలాగే ఒక్క రూపాయి కూడా చేతికి రాదు కనుక, ఇంటి నుంచి డేటా ఎంట్రీ ఆదాయం కోసం చూస్తున్నవారు దీన్ని ఆ లెక్కలో వేసుకోకూడదు.

పని విధానం తేలికగానే ఉంటుంది. మనం ఎంచుకున్న ప్రాజెక్టు నుంచి ఒక బ్యాచ్, అంటే కొన్ని పేజీల ఫొటోలు, తెర మీదకు వస్తుంది. రికార్డులో కనిపించే పేరు, తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు కేటాయించిన గడుల్లో నింపాలి. గడి ఖాళీగా ఉంటే ఖాళీ అని, అక్షరం చెరిగిపోతే చదవలేమని గుర్తు పెట్టే వీలుంది. ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ఉన్న సూచనలు మొదట ఓపికగా చదివితే సగం తప్పులు తప్పుతాయి.

అసలు కష్టమంతా దస్తూరిలోనే ఉంది. పాత ఇంగ్లీషు రాతలో రెండు 'ఎస్'లు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని పొడుగ్గా, చూడటానికి 'ఎఫ్' లాగా రాసేవారు. ఒక పెళ్ళిళ్ల రిజిస్టరులో 'రాస్' (Ross) అనే ఇంటిపేరును నేను వరుసగా 'రోఫ్స్' (Rofs) అని నింపుకుంటూ పోయాను. తరువాతి పేజీలో 'మిసిసిపీ' అన్న మాటలో అదే ఆకారం కనిపించినప్పుడు గాని విషయం అర్థం కాలేదు. వెనక్కి వెళ్లి అన్నీ దిద్దాను. ఆ రాస్ కుటుంబీకులు ఎవరో నాకు తెలియదు గాని, నేను చూసుకోకుండా పంపి ఉంటే, రేపు వారి మునిమనవరాలు 'రాస్' అని వెతికితే ఏమీ దొరికేది కాదు. 'విలియం', 'జేమ్స్' వంటి పేర్లను రెండు మూడు అక్షరాలకు కుదించి రాయడం, పై వరుసలోని మాటకు బదులు 'డిటో' పెట్టడం వంటి అలవాట్లు కూడా కొద్ది రోజుల్లోనే కంటికి పరిచయమవుతాయి. నకలు తీసేటప్పుడు మూలంలోని తప్పును దిద్దకూడదన్న మా శాఖ క్రమశిక్షణ ఇక్కడ నాకు ఎంతగానో ఉపకరించింది.

ఈ శ్రమ ఫలితం ఎంతటిదో అమెరికా 1940 జనాభా లెక్కలు చూస్తే తెలుస్తుంది. 72 ఏళ్ల గోప్యత గడువు తీరి 2012 ఏప్రిల్‌లో ఆ పట్టీలు బయటికి రాగా, లక్షన్నరకు పైగా స్వచ్ఛంద సేవకులు సుమారు 13 కోట్ల మంది పేర్లకు ఆ ఏడాదిలోనే సూచిక తయారుచేశారు. 1950 లెక్కల విషయంలో చేతిరాతను ముందుగా కంప్యూటరే చదివింది, మనుషులు సరిచూశారు. ఇప్పుడు పని క్రమంగా ఆ సరిచూసే వైపు మళ్లుతోంది. వెనుకటి రోజుల్లో ఒకే బ్యాచ్‌ను ఇద్దరు విడివిడిగా నింపితే, తేడాలున్న చోట మూడో వ్యక్తి తేల్చేవారు. ఆ తరువాత ఒకరు నింపితే మరొకరు సరిచూసే పద్ధతి వచ్చింది. వేగం పెరిగే మాట నిజమే గాని, చదవడం కష్టమైన దస్తూరికి పాత పద్ధతే మేలని నేను నమ్ముతున్నాను.

పేరును రెండు గడులుగా విడదీసే పాశ్చాత్య పద్ధతి మన పేర్లకు ఒదగదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు అదీ పొడి అక్షరంగానే మిగులుతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రురో ఓడలో డర్బన్ చేరినవారితో మొదలైన, దక్షిణాఫ్రికాలోని నాటాల్ వలస కూలీల పట్టికల్లో అసలు ఇంటిపేరే ఉండదు; మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు ఉంటాయి. ఇంగ్లీషు గుమాస్తా విన్నట్టుగా రాసుకున్న ఆ ఊరి పేరు వెనుక ఏ తెలుగు పల్లె ఉందో పోల్చుకోవడం తెలుగువారికే సాధ్యం. అలాంటి రికార్డులకు మనవాళ్లు మరింతమంది అవసరమని నా గట్టి అభిప్రాయం.

మీ ముత్తాత పేరు దొరుకుతుందన్న ఆశతో మాత్రం చేరవద్దు. మన జనగణనలో నమోదైన వ్యక్తుల వివరాలు 1948 నాటి చట్టం ప్రకారం ఎవరి పరిశీలనకూ అందవు. తీర్థక్షేత్రాల పండాలు (అక్కడి పురోహితులు) యాత్రికుల వంశాల వివరాలు రాసుకునే బహీల, అంటే పుస్తకాల, చిత్రాలు కొన్ని ఫ్యామిలీసెర్చ్‌లో ఉన్నాయి గాని, తెలుగు కుటుంబాలు వాటిని కాశీ, గయ వెళ్లినప్పుడు తమ పండాను అడిగి చూడటమే సులువు. నిజాం కాలపు కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, అక్కడ ఉర్దూ, ఫారసీ చదవగలిగి ఉండాలి.

ఫోనులో కంటే కంప్యూటరు పెద్ద తెర మీద చేయడం కళ్లకు మంచిది. అచ్చు ఫారాలున్న ప్రాథమిక స్థాయి ప్రాజెక్టుతో మొదలుపెట్టి, చేతిరాత అలవాటయ్యాకే పాత రిజిస్టర్ల జోలికి వెళ్లండి. రోజుకు అరగంట చాలు.