గవ్వల ఫొటోలకి లైట్ బాక్స్ కొనేవాళ్లు కాస్త ఆగండి

చెన్నైలో ఉంటూ చిన్న చిన్న గవ్వలను క్లోజప్‌లో తీసే మనవాళ్ల కోసం రాస్తున్నాను. మడిచి పెట్టుకునే ఎల్ఈడీ లైట్ బాక్స్, అంటే వస్తువును లోపల పెట్టి ఫొటో తీసే లైట్ల డబ్బా, కొందామనుకుంటే, నాలా తొందరపడకండి.

పోయిన నెల రిచీ స్ట్రీట్‌లో ఒక షాపులో 2,200 రూపాయలు పోసి కొన్నాను. అట్టపెట్టె మీద 'సీఆర్ఐ 95' అని పెద్దగా వేసి ఉంది. ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే లెక్క అది, 100 అంటే నూటికి నూరు. బెసెంట్ నగర్ బీచ్‌లో మా అమ్మాయి ఏరిన వేలిగోరంత గుల్లను అందులో పెట్టి తీశాను. దాని లోపలి అంచు లేత గులాబీ. ఫొటోలో పాలిపోయి, ఆకుపచ్చ జీర కనిపించింది. కెమెరాలో తెలుపును తెల్లగా చూపించే వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే తెలుపు కుదిరింది, గులాబీ మాత్రం రాలేదు. వెలుగులోనే ఎరుపు లేకపోతే కెమెరా ఎక్కణ్ణించి తెస్తుంది?

వెలుగు తగ్గించే డిమ్మర్ తిప్పగానే ఫొటో నిండా నల్లటి చారలు. చవక డిమ్మర్లు చాలావరకు లైటును కంటికి అందనంత వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి. షట్టర్ వేగం పెంచితే ఆరిన క్షణాలే చారలవుతాయి. నున్నటి గవ్వ వీపు మీద ఎల్ఈడీ చుక్కలు వరసగా పడ్డాయి, లెక్కపెట్టొచ్చు! తెల్ల షీటు మీద ప్యాకింగ్ మడత గీత సరేసరి.

అసలు ఈ బాక్సుల గురించి గొప్పగా చెప్పే 'నీడ పడదు' అన్నదే మనకు పనికిరాని గుణం. గుల్ల మీది గాడులు కనబడాలంటే పక్కనుంచి వెలుగు, ఆ గాడుల్లో సన్నటి నీడ ఉండాలి. అన్ని వైపులా లైటు కొడితే గుల్ల కాస్తా చొక్కా గుండీలా అయిపోతుంది.

వాపసు ఇవ్వబోతే "సీల్ తీశారు, తీసుకోం" అన్నారు. బిల్లులో మోడల్ పేరు కూడా లేదు. అది రాయించుకోకుండా డబ్బు కట్టకండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడ బిల్లే ఆధారం. షాపుకి వెళ్లేటప్పుడు ఒక గవ్వ జేబులో వేసుకెళ్లండి. లైటు సగానికి తగ్గించి, ఫోన్ కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లో షట్టర్ 1/1000 సెకను పెట్టి అక్కడే తీసి చూడండి. చారలుంటే వెంటనే తెలిసిపోతుంది.

నేనిప్పుడు పొద్దున్నే కిటికీ పక్కన తీస్తున్నాను. అద్దానికి బటర్ పేపర్, వెలుగు తిరిగి గవ్వ మీద పడేలా ఎదురుగా చిన్న థర్మాకోల్ ముక్క, కింద నల్ల వెల్వెట్. గులాబీ అంచు చక్కగా వస్తోంది. వెల్వెట్ మీది నూగును మాత్రం ప్రతిసారీ టేప్‌తో తీసెయ్యాలి, క్లోజప్‌లో అది తాడంత కనిపిస్తుంది.