బాయిలో గుర్రాలు, వంటింట్లో కుక్క: సౌత్ వేల్స్‌లో మూడు రోజులు

బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, కోటలూ బీచ్‌లూ తర్వాత, ముందు బొగ్గు బాయి చూపించమన్నాను. మాది ఇల్లందు. నాన్న సింగరేణిలో చేశారు గానీ మమ్మల్ని ఏనాడూ కిందికి దిగనివ్వలేదు. ఆ ముచ్చట ఇక్కడ తీరింది.

బ్లేనావన్‌లోని బిగ్ పిట్ 1980లో మూతపడ్డ గని, 1983 నుంచి మ్యూజియం. మేం వెళ్లినప్పుడు ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కు మాత్రం కట్టాం. హెల్మెట్, క్యాప్ ల్యాంప్ ఇస్తారు. ఫోన్, వాచీ, బ్యాటరీ ఉన్న ప్రతిదీ ముందే తీసేసుకుంటారు, కాబట్టి కింద ఫొటోలు ఉండవు. కేజ్‌లో, అంటే గని లిఫ్ట్‌లో, 90 మీటర్లు దిగాం. గైడ్ ఒకప్పుడు గనిలో పనిచేసినవాడే. ఒకచోట అందరి దీపాలూ ఆర్పించాడు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. అలాంటి చీకట్లో కూర్చుని, బొగ్గు బండి వచ్చినప్పుడల్లా గని లోపలి గాలిని అదుపు చేసే తలుపు తీసి మూయడం ఒకప్పుడు చిన్నపిల్లల పని. పదేళ్లలోపు మగపిల్లల్నీ, ఆడవాళ్లందరినీ దింపకూడదని 1842లో చట్టం వచ్చింది.

ఇంకాస్త నడిస్తే గుర్రాల కొట్టాలు. ఒక్కో గడికీ ఒక్కో గుర్రం పేరు రాసిన పలక. మా ఊళ్లో ఎద్దులకు పేర్లు పెట్టి పిలిచినట్టే. 1913 నాటికి బ్రిటన్ గనుల్లో దాదాపు 70 వేల గుర్రాలు బండ్లు లాగేవట. నేను అక్కడే ఆగిపోతే గైడ్ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో మేం చూసుకున్న బస్సు రాలేదు. ముప్పావు గంట వానలో నిలబడి, చివరికి ట్యాక్సీ ఎక్కాం. ఆదివారమైతే కారు లేకుండా వెళ్లకండి.

బస అబర్గవెన్నీలో, ఒక పబ్ పైన గది. మంచం శుభ్రం, వేడినీళ్లకు లోటు లేదు. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులవాళ్లకు వద్దు.

ఆ ఊళ్లో కోట ఆవరణలోని మ్యూజియంలో, గాజు పెట్టెలో విస్కీ ఉంది. సీసా కాదు, చచ్చాక కూరి నిలబెట్టిన, ఆ పేరుగల కుక్క! పొడుగాటి ఒళ్లు, పొట్టి వంకర కాళ్లు. పొయ్యి మీద మాంసం సమంగా కాలడానికి చువ్వ తిప్పుతూ ఉండాలి కదా, అందుకు గోడకు ఒక చక్రం బిగించి, అందులో ఈ కుక్కను పరిగెత్తించేవారు. చక్రం తిరిగితే చువ్వ తిరుగుతుంది. యంత్రాలు వచ్చాక ఆ జాతే మాయమైంది. చూడ్డానికి ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ ఊరు వెళ్లి చూడకుండా రావద్దు.

మూడోరోజు స్వాన్సీ మార్కెట్. లేవర్‌బ్రెడ్ అంటే బ్రెడ్ అనుకున్నాను. సముద్రపు నాచును గంటల తరబడి ఉడికించి నూరిన నల్లటి ముద్ద అది, అచ్చం మన గోంగూర పచ్చడిలా ఉంటుంది. గని కార్మికులు ఓట్స్ పిండి కలిపి వేయించుకుని పొద్దున్నే తినేవారు. పక్కనే కాకిల్స్ అనే సముద్రపు గుల్లలు. స్వాన్సీ దగ్గరి పెన్‌క్లాడ్ ఊరి ఆడవాళ్లు ఒకప్పుడు గాడిదలతో, ఆటు వేళ ఇసుక మేటల్లోకి వెళ్లి వీటిని ఏరి, బస్తాలు గాడిదల మీద వేసుకొచ్చేవారు.

లేవర్‌బ్రెడ్ ఉప్పగా, నీచు వాసనతో ఉంది. ఇంటికి ఒక డబ్బా తెచ్చి వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టాను. అన్నంలోకి బాగానే కుదిరింది. మా అమ్మాయి మాత్రం ముట్టలేదు.