క్యాండీలో గది, దెమోదరలో అన్నం

శ్రీలంకలోని క్యాండీలో నాకు అంటగట్టిన గది సంగతి ముందు చెప్పేస్తాను. ఒంటరిగా వెళ్లాలనుకునే ఆడపిల్లలకి అది తెలియాలి.

2025 ఫిబ్రవరిలో పదకొండు రోజులు శ్రీలంక తిరిగాను, ఒక్కదాన్నే, వీపున ఒక బ్యాగుతో. అనురాధపురం, సిగిరియా, ట్రింకోమలీ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. రాయాల్సిందంతా చివరి అయిదు రోజుల్లోనే ఉంది. మన రూపాయికి అక్కడివి దాదాపు మూడున్నర వస్తాయి. కింద రాసిన లెక్కలన్నీ వాళ్ల రూపాయల్లోనే.

క్యాండీ చెరువు పైన కొండ మీద ఒక గెస్ట్‌హౌస్‌లో రెండు రాత్రులకి కలిపి మొత్తం 9,000కి మాట్లాడి, టిఫిన్‌తో కలిపి, ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. బాల్కనీలోంచి చెరువు కనబడే ఫొటో చూసే అంత పెట్టాను. సాయంత్రం చేరితే అక్కడున్నతను, "మీ రూమ్‌లో పైపు పగిలింది, పక్కనే మా తమ్ముడి ఇల్లు, ఇంతకంటే బాగుంటుంది" అన్నాడు. ఆ పక్కనే అన్నది మూడు కిలోమీటర్లు. వాళ్లే పిలిచిన ఆటోకి 700 నా చేత ఇప్పించారు, బిల్లులో తగ్గిస్తామన్నారు. మర్నాడు పిక్‌మీ యాప్‌లో అదే దారికి 380 చూపించింది.

ఆ గదికి కిటికీ లేదు. దుప్పటి ముక్కవాసన కొడుతోంది. అవన్నీ ఓర్చుకునేదాన్నే, తలుపు గొళ్లెం సగం ఊడి వేలాడుతోంది. చెబితే "ఇక్కడ ఏం భయం లేదు" అని నవ్వి వెళ్లిపోయాడు. భయం ఉందో లేదో చెప్పాల్సింది లోపల పడుకునే మనిషి కదా. కుర్చీ తలుపుకి ఆనించి, దాని మీద బ్యాగు పెట్టి పడుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి అమ్మ వీడియో కాల్ చేసి, "ఏం మే, గది చూపించు" అంది. చూపించలేకపోయాను. నెట్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను. అమ్మకి అర్థమైపోయింది. ఆ రాత్రి తనూ నిద్రపోలేదని తర్వాత నాయన చెప్పాడు. ఆ ఇంటివాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదంటే కారణం డబ్బు కాదు, ఇది.

డబ్బు సంగతీ చెప్తాను. ఖాళీ చేసేటప్పుడు 13,400 బిల్లు ఇచ్చారు. రెండు రోజుల టిఫిన్‌కి 2,400, వేడినీళ్లకి 1,000, సర్వీస్ చార్జీ 1,000. టిఫిన్ అంటే రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక అరటిపండు. బుకింగ్ పేజీలో టిఫిన్ కలిపే అని ఉందని ఫోన్‌లో చూపిస్తే "అది ఆ బిల్డింగ్‌కి, ఈ బిల్డింగ్‌కి కాదు" అన్నాడు. ముప్పావుగంట వాదించాక వేడినీళ్లు, సర్వీస్ చార్జీ కొట్టేశాడు. 11,400 కట్టి బయటపడ్డాను. ఆటో డబ్బులు సరేసరి.

కాబట్టి నా మాట వినండి. గది మార్చాం అనగానే వాళ్ల ఆటో ఎక్కొద్దు. అక్కడే నిలబడి బుకింగ్ రద్దు చేయించుకుని వేరే చోటు చూసుకోండి. క్యాండీలో గదులకి కొదవ లేదు. చీకటి పడ్డాక చేరడం నేను చేసిన తప్పు. మధ్యాహ్నానికే చేరి ఉంటే ఇంకో చోటు వెతుక్కునే ధైర్యం ఉండేది.

ఆ ఊరి మీద అసహ్యం కలగకుండా కాపాడింది దలదా మాలిగావ. బుద్ధుడి దంతం ఉన్న గుడి. చెప్పులు బయట విడవాలి, మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి. విదేశీయులకి టికెట్ ఉంది. సాయంత్రం పూజకి డోలు మొదలవగానే తామరపూలు పట్టుకుని జనం వరసలో కదులుతుంటే నాకు మన కొండ మీద క్యూ గుర్తొచ్చింది, ఇక్కడ తోపులాట తక్కువ. పూలు అమ్మే పెద్దాయనకి తమిళం వచ్చు. చిత్తూరులో పుట్టిన ఎవరికైనా ఆ మాత్రం తమిళం వస్తుంది కాబట్టి మాటలు కలిశాయి. ఏ ఊరని అడిగితే వేలూరు పక్కన అన్నాను. ఆయన పూల బుట్ట కింద పెట్టేశాడు. "మా చివరి రాజు చనిపోయింది అక్కడే కదమ్మా!"

శ్రీ విక్రమ రాజసింహ. మధురై నుంచి వెళ్లిన నాయక్కర్ల వంశం. పద్దెనిమిదేళ్లకి 1798లో గద్దెనెక్కాడు. నేను బాల్కనీ కోసం డబ్బు కట్టిన ఆ చెరువు తవ్వించింది ఆయనే. 1815లో సొంత ప్రధానులే ఇంగ్లీషు వాళ్లతో కలిసిపోయి ఆయన్ని దింపేశారు. ఆ ఒప్పందం మీద సంతకాలు జరిగిన మండపం గుడి పక్కనే ఉంది. తర్వాత ఆయన్ని తెచ్చి వేలూరు కోటలో పెట్టారు. 1832లో అక్కడే పోయాడు. నాయన చెకప్‌ల కోసం నెలకోసారి వేలూరు బస్సెక్కే నాకు ఈ ముక్క తెలియదు. పెద్దాయన తన నంబరిచ్చి, సమాధి ఫొటో పంపమని అడిగాడు. పూలకి 100 ఇవ్వబోతే తీసుకోలేదు.

సోమవారం పొద్దున ఎల్లా వైపు వెళ్లే రైలు. రిజర్వేషన్ సీట్లు నెల ముందే అయిపోయాయి. స్టేషన్ బయట ఒకతను 6,000కి ఇప్పిస్తానన్నాడు. లోపల కౌంటర్లో రిజర్వేషన్ లేని సెకండ్ క్లాస్ టికెట్ దానికంటే ఎన్నో రెట్లు తక్కువకి అదే రోజు దొరికింది. బయటివాళ్ల మాట వినకండి. హాటన్ దాకా నిలబడ్డాను. అక్కడ శ్రీపాద కొండ ఎక్కే యాత్రికులు దిగిపోతారు, సీటు దొరికింది. తెల్లబట్టల ముసలమ్మలు ఒకరి చేయి ఒకరు పట్టుకుని దిగుతుంటే అలిపిరి దగ్గర చూసినట్టే అనిపించింది. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు దిగేవాళ్లని మాత్రం చూడలేకపోయాను. సొరంగాలు చాలా ఉన్నాయి, అంత పని వద్దు.

ఎల్లాలో అందరూ దిగారు, నేను దిగలేదు. తర్వాతి స్టేషన్ దెమోదరలో దిగాను. ఇక్కడ రైలు దారి గుండ్రంగా తిరిగి అదే స్టేషన్ కిందుగా సొరంగంలోంచి వెళ్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తుంటే దిగిన రైలే కాళ్ల కిందకి వచ్చింది. టీ తోటల్లో పనిచేసే తమిళ కుటుంబం ఇంట్లో గది, రెండు పూటలా భోజనంతో రోజుకి 3,500. లోపలి గడియ ఇనుపది. మొదట చూసింది అదే. ఆ ఇంటి అక్క "తనియావా వందీంగ?" అని అడిగి, ఒక్కదాన్నే అనగానే నా ఫోన్ తీసుకుని అమ్మతో తనే తమిళంలో మాట్లాడింది. అమ్మ ఆ రాత్రి నిద్రపోయింది.

ఇక భోజనం. ఎర్రబియ్యం అన్నం, పరిప్పు అనే పప్పుకూర, లేత పనసకాయ కూర, సరస్వతి ఆకు, కొబ్బరి కలిపిన పచ్చడి, పోల్ సంబోల్. సంబోల్ అంటే కొబ్బరి, ఎండుమిర్చి, ఉల్లి, నిమ్మరసం, మన ఊరిబిండి పచ్చడికి చెల్లెలు. హోటళ్లలో ఇందులో ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారని అక్క చెప్పాకే తెలిసింది. శనివారం నీచు ముట్టని నేను క్యాండీలో శాకాహారం అని చెప్పి మరీ అదే తిన్నాను. శాకాహారులు 'ఉంబలకడ వద్దు' అని పేరు పెట్టి చెప్పాలి. ఆఖర్న గేదె పెరుగు మీద జీలుగు అనే తాటిజాతి చెట్టు పాకం పోసింది. బెల్లం మండీల ఊరిదాన్ని, తీపి విషయంలో నన్ను మెప్పించడం కష్టం. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

మర్నాడు తొమ్మిది కమానుల రైలు వంతెన చూశాను. 1921 నాటిది, ఫొటోల్లో కంటే బాగుంది. ఎల్లా ఊరు నాకు నచ్చలేదు. రొట్టెని తరిగి కూరతో వేయించే కొత్తు రొట్టె ఒకదానికి 1,600 తీసుకున్నారు, అదీ చల్లారింది.

బయల్దేరేటప్పుడు అక్క ఇడియాప్పం పొట్లం కట్టింది. 500 ఇవ్వబోతే "బస్సులో ఆకలేస్తుంది, డబ్బెందుకు" అంది. బండారవేల నుంచి రాత్రి బస్సులో కొలంబో, గంటన్నర విమానంలో చెన్నై, సెంట్రల్ నుంచి రైల్లో వేలూరు పక్కనున్న కాట్పాడి.

చిత్తూరు బస్సు ఎక్కకుండా ఆటోలో పాలారు ఒడ్డున ముత్తుమండపానికి వెళ్లాను. అక్కడే రాజు సమాధి. నేను తప్ప ఎవరూ లేరు. ఫొటో తీసి పూల పెద్దాయనకి పంపాను. పది నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. అక్కడ దీపం పెడతారా అని అడిగాడు. నేను చూసినప్పుడు ఏ దీపమూ లేదని రాశాను.

తర్వాతి వారం నాయన చెకప్‌కి వెళ్తూ అమ్మ సంచిలో రెండు ప్రమిదలు, నువ్వులనూనె సీసా పెట్టుకుంది.