సింగపూర్ హాకర్ సెంటర్లలో తినడం: ఏది బాగుంటుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి

సింగపూర్‌లో జనం రోజూ ఎలా బతుకుతారో చూడాలంటే మెరీనా బే కన్నా ముందు హాకర్ సెంటర్‌కి వెళ్లాలి. ఒకే కప్పు కింద పదుల కొద్దీ తిండి స్టాళ్లు, మధ్యలో నేలకు బిగించిన టేబుళ్లు, పైన ఫ్యాన్లు, చాలాచోట్ల ఏసీ ఉండదు. మేనేజర్లు, టాక్సీ డ్రైవర్లు, స్కూలు పిల్లలు పక్కపక్కనే కూర్చుని తింటారు. రోడ్ల మీద బండ్లు పెట్టుకుని తిండి అమ్మే హాకర్లను ప్రభుత్వం 1968-69లో నమోదు చేసి, 1971 నుంచి 1986 దాకా నీళ్లు, డ్రైనేజీ ఉన్న ఈ సెంటర్లలోకి మార్చారు. 2020లో యునెస్కో ఈ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక పూట తిండి చాలా స్టాళ్లలో 4 నుంచి 8 సింగపూర్ డాలర్లలో అయిపోతుంది. రెస్టారెంట్లలో మెనూ ధర మీద సాధారణంగా 10 శాతం సర్వీస్ చార్జీ, ఆపైన 9 శాతం జీఎస్టీ పడతాయి. ఇక్కడ బోర్డు మీద రాసిందే కడతాం. పార్సిల్‌కి మాత్రం డబ్బా ఖర్చు కొన్ని సెంట్లు కలుపుతారు. పాత స్టాళ్లలో కార్డు నడవకపోవచ్చు కాబట్టి 2, 5 డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోవాలి.

వెళ్లగానే ముందు సీటు చూసుకోవాలి. ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టో గొడుగో ఉంటే ఎవరో సీటు పట్టుకున్నట్టు లెక్క, తీసి పక్కన పెట్టకూడదు. మీరూ అలాగే పెట్టి వెళ్లొచ్చు. ఎలాగూ చాలా స్టాళ్లు టిష్యూలు ఇవ్వవు, ప్యాకెట్ చేతిలో ఉండాల్సిందే. మంచినీళ్లు కూడా కొనుక్కోవాలి. మధ్యాహ్నం 12 నుంచి ఒకటిన్నర దాకా ఆఫీసుల వాళ్ల రద్దీ, 11 గంటలకే వెళ్తే హాయి. తిన్నాక ట్రే, గిన్నెలు తీసుకెళ్లి రాక్‌లో పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి ఇది తప్పనిసరి. మొదటిసారి దొరికితే రాతపూర్వక హెచ్చరిక, మళ్లీ చేస్తే 300 డాలర్ల జరిమానా. హలాల్ ట్రేల రాక్ వేరుగా ఉంటుంది, కలపకండి. ముస్లిం స్టాళ్లకు అది చిన్న విషయం కాదు.

అసలు చిక్కు శాకాహారులకే. 'నో మీట్' అంటే ముక్కలు తీసేసి ఇస్తారు, కానీ మిగతాదంతా అలాగే ఉంటుంది. నూడుల్స్ సూప్ చాలాచోట్ల ఎముకలు ఉడికించిన నీళ్లే. సంబల్ అనే మిరప పచ్చడిలో రొయ్యల ముద్ద, లక్సా అనే కొబ్బరిపాల నూడుల్స్ సూప్‌లో ఎండురొయ్యలు, చార్ క్వే తియావ్ అనే వేయించిన నూడుల్స్‌లో తరచుగా పందికొవ్వు ఉంటాయి. చికెన్ రైస్ స్టాల్‌లో ఉత్త అన్నం అడిగినా లాభం లేదు, ఆ బియ్యాన్ని కోడి కొవ్వులో వేయించి కోడి ఉడికిన నీళ్లతోనే వండుతారు. అందుకే పూర్తిగా వెజిటేరియన్ అని బోర్డు ఉన్న స్టాల్ వెతుక్కోవాలి. అక్కడ చికెన్, చేపలా కనిపించేవి సోయాతో, గోధుమ బంకతో (గ్లూటెన్) చేసినవి. వీటిలో చాలావరకు బౌద్ధుల పద్ధతివి, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. గుడ్డు మాత్రం కొన్నింట్లో ఉంటుంది, అడిగి తీసుకోండి. అన్నమో, సన్నటి బియ్యపు నూడుల్సో పెట్టించుకుని, అద్దం వెనక ఉన్న కూరలు వేలితో చూపిస్తే వడ్డిస్తారు. ఎన్ని కూరలు, ఏ కూరలు అన్నదాన్ని బట్టి ధర.

మన రుచి కావాలంటే లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనే టెక్కా సెంటర్. దోసెల, బిర్యానీల వాసనే పిలుస్తుంది. అదే అంతస్తులో మార్కెట్ కూడా ఉంది, కరివేపాకు, మునక్కాయలు, మేకమాంసం అన్నీ దొరుకుతాయి. మధ్యాహ్నం నేల తడిగా ఉంటుంది, జారని చెప్పులు వేసుకోండి.

కాఫీ ఇష్టపడేవాళ్లు కోపి తప్పక తాగాలి. గింజల్ని చక్కెర, మార్జరిన్ కలిపి నల్లగా వేయిస్తారు, అందుకే కాస్త మాడిన తీపి ఘాటు. పొడవాటి గుడ్డ సంచిలో పొడి వేసి, వేడినీళ్లు పోసి డికాక్షన్ దించుతారు. కప్పు అడుగున గడ్డపాలు (కండెన్స్‌డ్ మిల్క్), దాని మీద డికాక్షన్, పైన వేడినీళ్లు. మన ఫిల్టర్ కాఫీ లాంటి పాల రుచి ఆశించొద్దు. ఉత్త 'కోపి' అంటే తియ్యటి గడ్డపాలతో. 'కోపి-ఓ' అంటే పాలు లేకుండా చక్కెరతో. 'కోపి-సి' అంటే తీపి లేని చిక్కపాలు (ఎవాపరేటెడ్ మిల్క్), చక్కెర. తీపి తగ్గించాలంటే 'సియు దాయ్', చిక్కగా కావాలంటే 'గావ్', ఐస్‌తో కావాలంటే 'పెంగ్' చేర్చాలి. షుగర్ ఉన్నవాళ్లు 'కోపి-సి కొసోంగ్' అడగాలి, చక్కెర వేయరు. గడ్డపాలలోనే తీపి ఉంటుంది కాబట్టి మామూలు కోపిలో చక్కెర వద్దన్నా ఫలితం ఉండదు. 'తె' అని మొదలుపెడితే టీకి కూడా ఇవే మాటలు.

హోటళ్లకు రేటింగులిచ్చే మిషెలిన్ గైడ్‌లో పేరున్న స్టాళ్ల ముందు గంట క్యూ కట్టడం నాకు సరికాదనిపిస్తుంది. పక్క స్టాల్‌లో ఊరివాళ్లు నిలబడి ఉంటే అక్కడే తినండి. చాలామంది స్టాల్ యజమానులు పెద్ద వయసువాళ్లు, వారంలో ఒకటి రెండు రోజులు మూస్తారు, సరుకు అయిపోతే మధ్యాహ్నానికే కట్టేస్తారు. సోమవారాలు ఎక్కువ స్టాళ్లు మూసి కనిపిస్తాయి. కొన్ని నెలలకోసారి శుభ్రత కోసం సెంటర్ మొత్తం మూస్తారు. ఆ తేదీలు జాతీయ పర్యావరణ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి, బయల్దేరే ముందు చూసుకోవాలి.