న్యూగ్రేంజ్ వెళ్తున్నారా? గదిలోకి టికెట్ దొరికాకే బయల్దేరండి

న్యూగ్రేంజ్ అంటే ఐర్లండ్‌లోని నవీన శిలాయుగపు సమాధి దిబ్బ, లోపల రాతి నడవా, దాని చివర గది ఉంటాయి. డబ్లిన్ నుంచి కారులో వచ్చేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. మ్యాప్‌లో ‘న్యూగ్రేంజ్’ అని కొట్టి నేరుగా సమాధి దగ్గరికి వచ్చేస్తారు. సమాధి ఉన్నది బోయ్న్ నదికి ఉత్తరపు ఒడ్డున. టికెట్లిచ్చే కేంద్రం దక్షిణపు ఒడ్డున, డొనోర్ ఊరి దగ్గర. సమాధి గేటు దగ్గర టికెట్లు ఇవ్వరు, లోపలికీ వదలరు. వెనక్కి తిరిగి నది చుట్టి వచ్చేసరికి మీ టైము దాటిపోతుంది. కాబట్టి మ్యాప్‌లో ‘బ్రూ నా బోన్యా విజిటర్ సెంటర్’ అనే పెట్టుకోండి. అక్కణ్ణుంచి కాలివంతెన మీద నది దాటితే అవతల షటిల్ బస్సు ఎక్కిస్తారు.

టికెట్లలో ఒకటి బయటి నుంచి చూడటానికి, ఇంకొకటి గది లోపలికి. లోపలిది ఆన్‌లైన్‌లో ముందుగానే తీసుకోవాలి, వేసవిలో చాలా త్వరగా అయిపోతుంది. అది దొరకకపోతే తేదీ మార్చుకోవడమే మంచిది. ఎందుకంటే న్యూగ్రేంజ్‌లో అసలు సరుకంతా లోపలే ఉంది.

నడవా పొడవు 19 మీటర్లు. రెండు మూడు చోట్ల ఒంగాలి, పక్కకి తిరిగి నడవాలి. వీపు సంచులు, పిల్లల బండ్లు బయటే వదలాలి. ఫొటోలు తియ్యనివ్వరు. ఇరుకు చోట్లంటే గుండె దడ ఉన్నవాళ్ళు వరసలో చివర నిలబడితే ఎప్పుడైనా వెనక్కి రావచ్చు. నడవా చివర గదిలోకి వెళ్ళి తలెత్తితే పైకప్పు ఆరు మీటర్ల ఎత్తుకు పోతుంది. రాయి మీద రాయిని కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పేర్చి, చివర ఒక్క బండతో మూసేశారు. సున్నం లేదు, అయినా 5,200 ఏళ్ళుగా నిలబడే ఉంది. నడవా కప్పుబండల పైభాగాన వాన నీరు పక్కకి పోయేలా కాలువలు చెక్కారు. సందుల్లో కాల్చిన మట్టి, సముద్రపు ఇసుక కూరారు. ఆ కాల్చిన మట్టిలోని బొగ్గే రేడియోకార్బన్ పరీక్షకు పనికొచ్చి, కట్టిన కాలం క్రీ.పూ. 3200 ప్రాంతమని తేల్చింది.

గైడు దీపాలు ఆర్పి, బల్బుతో డిసెంబర్ 21 నాటి, అంటే ఏడాదిలో అతి చిన్న పగటి నాటి, సూర్యోదయాన్ని చూపిస్తారు. తవ్వకాలు నడిపిన మైకేల్ ఓకెల్లీ 1967లో ఆ రోజు గదిలో కూర్చుని అసలు వెలుగును చూశారు. ఆయన రాసిపెట్టిన ఒక పరిశీలనలో, వాకిలి పైనున్న చిన్న కిటికీలాంటి సందులోంచి 8:58కి సన్నని కిరణం నేల మీద పడింది. అది 17 సెంటీమీటర్ల వెడల్పయింది, 9:15కి తెగిపోయింది. నడవా నేల లోపలికి పోయేకొద్దీ దాదాపు రెండు మీటర్లు పైకి లేస్తుంది. అందుకే వాకిలి గుండా వచ్చే వెలుగు దారిలోనే ఆగిపోతుంది, పై సందులోంచి వచ్చేది మాత్రం గదిని చేరుతుంది. నిజం సూర్యుణ్ణి చూడాలంటే లాటరీలో పేరు రావాలి, ఆ పైన మబ్బు పట్టకూడదు. బల్బు చూపించేది చాలు.

బయటి తెల్లగోడ ముందు అందరూ ఫొటోలు దిగుతారు. అది 1962 నుంచి 1975 దాకా సాగిన తవ్వకాల తర్వాత, వెనక కాంక్రీటు పోసి నిలబెట్టింది. విక్లో కొండల తెల్ల స్ఫటికపు రాళ్ళు అంచుబండల (దిబ్బ చుట్టూ పేర్చిన పెద్ద బండల) ముందు నేల మీద పరుచుకుని దొరికాయి. అది కూలిన గోడ అని ఓకెల్లీ నిర్ణయం. నమూనా గోడ కట్టించి, కూలగొట్టి, రాళ్ళు ఎలా పడతాయో కూడా చూశారు. మరికొందరు పురావస్తువేత్తలు మాత్రం అది మొదటినుంచీ నేల మీద పరిచిన రాయేనంటారు. మాకు ఆ మాటే సబబనిపిస్తుంది. ఎందుకో తెలియాలంటే అదే టికెట్‌లో చూపించే నౌత్ అనే ఇంకో సమాధి దిబ్బకి వెళ్ళండి. అక్కడ తవ్వకాలు నడిపిన జార్జ్ ఇయోగన్ వాకిళ్ళ ముందు స్ఫటికాన్ని నేల మీదే ఉంచారు. రెండూ ఒకేరోజు చూస్తే వాదన కళ్ళకి కడుతుంది. నౌత్ గదిలోకి వెళ్ళనివ్వరు, కానీ చుట్టూ ఉన్న అంచుబండల చెక్కుళ్ళకే గంట సరిపోదు. న్యూగ్రేంజ్‌లో మాత్రం వాకిలి బండ మీది సుడులు, గది చివరనున్న గూడులాంటి చోటు గోడ మీది మూడు సుడులు తప్పక చూడాలి.

మన దగ్గర అడవుల్లో ‘రాక్షస గుళ్ళు’ అని పిలిచే బండ సమాధులతో వీటిని పోల్చేవాళ్ళున్నారు. మనవి ఇనుప యుగానివి, వీటికన్నా చాలా తర్వాతివి. న్యూగ్రేంజ్ లాగా నవీన శిలాయుగానివి కావాలంటే మన దగ్గర బూడిద దిబ్బలున్నాయి, పశువుల పేడ కాలి పోగుపడినవి.

కారు లేకపోతే దగ్గరి పట్టణం డ్రాహెడాలో బస చెయ్యండి. డబ్లిన్ కొనొల్లీ స్టేషన్ నుంచి రైలుంది, అక్కణ్ణుంచి కేంద్రం ఎనిమిది కిలోమీటర్లు, టాక్సీలో వెళ్ళొచ్చు. తిరిగి రావడానికి టాక్సీ ముందే మాట్లాడుకోండి, కేంద్రం దగ్గర ఖాళీ బళ్ళు నిలబడవు. కారుంటే స్లేన్ ఊరు ప్రశాంతంగా ఉంటుంది, కాని రాత్రి తిండికి చోట్లు తక్కువ. పగలు కేంద్రంలో క్యాంటీన్ ఉంది. శాకాహారులు చపాతీలో పులిహోరో వెంట తెచ్చుకుంటే నిశ్చింత.

రెండో రోజు చేతిలో ఉంటే ఇలాంటి సమాధి దిబ్బలే ఉన్న లఖ్‌క్రూ కొండెక్కండి. టి అనే దిబ్బలోకి వసంత, శరద్ విషువత్తులప్పుడు (పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజుల్లో) ఉదయపు ఎండ పడుతుంది. గదిలోకి వదులుతున్నారో లేదో ముందే కనుక్కోండి. వానైతే గడ్డి జారుతుంది, పట్టున్న బూట్లు కావాలి.