తుపాకీ: అమెరికాలో హక్కు, బ్రిటన్‌లో అనుమతి

ఆత్మరక్షణ హక్కును అమెరికా, బ్రిటన్ రెండూ ఒప్పుకుంటాయి. పేచీ అంతా ఆయుధం దగ్గరే. తమాషా ఏమిటంటే రెండింటి మూలమూ ఒకటే. 1689 నాటి ఇంగ్లండ్ హక్కుల చట్టం ప్రొటెస్టెంట్లు రక్షణకు ఆయుధాలు ఉంచుకోవచ్చంది, కాకపోతే చట్టం అనుమతించిన మేరకే. అమెరికా ఆ హక్కును పట్టుకుంది, బ్రిటన్ ఆ మెలికను పట్టుకుంది.

ఆయుధాలు ఉంచుకునే హక్కు గురించి చెప్పే అమెరికా రాజ్యాంగ రెండో సవరణ 1791 నాటిది. ఆ హక్కు పౌరసైన్యం కోసమా, వ్యక్తి కోసమా అన్న వాదం 2008లో అక్కడి సుప్రీంకోర్టులో హెల్లర్ కేసుతో తేలింది. 5-4 తేడాతో వ్యక్తే గెలిచాడు. అప్పటివరకు రాజధాని వాషింగ్టన్‌లో ఇంట్లో రైఫిల్ ఉన్నా గుండ్లు తీసి, భాగాలు విడదీయాలి, లేదా ట్రిగ్గర్‌కు తాళం వేయాలి. దొంగ తలుపు విరగ్గొడుతుంటే తాళంచెవి వెతుక్కోవాలన్నమాట! ఆ నిబంధనను కొట్టేయడం నాకు సబబే అనిపిస్తుంది. 2022లో అదే కోర్టు ఇచ్చిన బ్రూయెన్ తీర్పు ఈ హక్కును ఇంటి గడప దాటించింది. అక్కడ మాత్రం నాకు సందేహాలున్నాయి.

బ్రిటన్‌లో 1996లో డన్‌బ్లేన్ పాఠశాలలో 16 మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు కాల్పులకు బలయ్యారు. మరుసటి ఏడాది చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించారు, ఒక్క ఉత్తర ఐర్లండ్‌లో తప్ప. వేటకు, పొలానికి తుపాకీ లైసెన్సు దొరుకుతుంది. ఆత్మరక్షణకని అడిగితే మాత్రం అది సరైన కారణం కాదంటారు. పెప్పర్ స్ప్రే కూడా నిషిద్ధాయుధమే. ఇది మరీ అతి. ఇంట్లో చొరబడినవాడిని చేతికందిన దానితో కొడితే మాత్రం, దెబ్బ మరీ శ్రుతి మించనంతవరకు చట్టం ఇంటివాడి పక్షమే.