ఫోర్జా హొరైజన్ 5 వారం ఛాలెంజ్‌లు: 40 పాయింట్ల కోసం ఎన్ని తిప్పలు

ఫోర్జా హొరైజన్ 5 అనే కారు రేసుల వీడియోగేమ్ ఆడేవాళ్లకు కొత్త వారం గురువారం మొదలవుతుంది. యూటీసీ 14:30 కాగానే సీజన్ మారిపోతుంది. ఫెస్టివల్ ప్లేలిస్ట్‌లో, అంటే వారం పనుల జాబితాలో, కొత్త పనులు వచ్చి కూర్చుంటాయి, నిన్నటివాటికి తాళం పడుతుంది. ఇలాంటి నాలుగు వారాలు కలిస్తే ఒక సిరీస్. వారంలో 20 పాయింట్లు తెచ్చుకుంటే ఒక కారు, 40 తెచ్చుకుంటే ఇంకో కారు చేతికొస్తాయి. 2021 నవంబరులో వచ్చిన ఆట ఇన్నాళ్ల తర్వాత కూడా జనాన్ని తనలోని మెక్సికో రోడ్ల మీదికి లాగుతోందంటే అందులో ఈ రెండు కార్ల పాత్ర చాలానే ఉంది. 20 దాకా ఇది హాయిగా సాగే పని. 40 దాకా ఓపిక ఉంటే పర్లేదు. ఆపైన ప్రతి గడీ నింపాలని పట్టుబడితే మాత్రం ఆట కాస్తా ఉద్యోగమవుతుంది.

హొరైజన్ 4లో ఇదే వ్యవహారం శాతాల్లో నడిచేది. ఇక్కడ ప్రతి పని పక్కనా దాని పాయింట్లు రాసి ఉంటాయి కాబట్టి లెక్క వేసుకోవడం తేలిక. మామూలుగా వారం ఛాలెంజ్‌కి 5, ఒక్కో సీజనల్ చాంపియన్‌షిప్‌కి 5, ఒక్కో పీఆర్ స్టంట్‌కి (వేగం, డ్రిఫ్ట్ లాంటి విన్యాసాలు) 2, రోజువారీ పనికి 1 చొప్పున వస్తాయి. ట్రయల్ అనే జట్టు పోటీకి ఒక్కదానికే 10. వారం ఛాలెంజ్, రెండు చాంపియన్‌షిప్‌లు, మూడు స్టంట్లు పూర్తిచేస్తే 21. మొదటి కారు అక్కడికే వచ్చేస్తుంది, ఆన్‌లైన్‌లో ఎవరి సాయమూ అక్కర్లేదు.

చికాకు మొదలయ్యేది వారం ఛాలెంజ్ దగ్గరే. ఇందులో నాలుగు అంకాలు ఉంటాయి, వాటిని వరుసలోనే చేయాలి. మొదటి అంకం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఫలానా కారు సొంతం చేసుకుని నడపండి. తర్వాతివి ఏ రేసు గెలవమనో, స్పీడ్ ట్రాపుల్లో నక్షత్రాలు తెమ్మనో, డ్రిఫ్ట్ (కారును పక్కకు జారిస్తూ తిప్పడం) స్కిల్స్ పోగుచేయమనో అడుగుతాయి. రెండో అంకంలో ఉండగా మూడో అంకానికి పనికొచ్చే స్టంట్ ఎంత గొప్పగా కొట్టినా అది గంగలో కలిసినట్టే. కారు మార్చినా అంతే. గరాజ్‌లోకి వెళ్లి ఇంకో కారెక్కి, తిరిగొచ్చేటప్పుడు అదే మోడల్‌లో వేరే సంవత్సరం బండి తీసుకున్నారనుకోండి, ఎన్ని రేసులు గెలిచినా మీటర్ కదలదు. ఛాలెంజ్‌లో రాసిన సంవత్సరాన్ని కూడా చదవాలి, కంపెనీ పేరు చూసి ఆగిపోతే కుదరదు. సర్వర్‌తో లింకు తెగినప్పుడు కూడా ఇదే గతి. కాబట్టి కష్టమైన అంకం మొదలెట్టే ముందు ప్లేలిస్ట్ పేజీ ఒకసారి తెరిచి చూసుకోండి.

రేసు గెలవమన్న అంకంలో ప్రత్యర్థుల స్థాయి గురించి ఏమీ రాయకపోతే డ్రైవటార్లను (కంప్యూటర్ నడిపే ప్రత్యర్థులను) అన్నిటికంటే తేలిక స్థాయికి దించేయండి. పౌరుషానికి పోవాల్సిన చోటు కాదిది. అడిగిన రకంలో అతి చిన్న రేసు చూసుకుని ముగించి బయటపడాలి. సీజనల్ చాంపియన్‌షిప్‌లో ఈ వెసులుబాటు లేదు, కనీసం హైలీ స్కిల్డ్ స్థాయి ఉండాలి. అయితే అది మూడు రేసుల మొత్తం మీద గెలుపు. ఒక రేసులో రెండో స్థానం వచ్చినా కొంప మునగదు. ఒంటరిగా ఆడితే రివైండ్ కూడా ఉంటుంది, తప్పు జరిగితే కాస్త వెనక్కి తిప్పుకోవచ్చు.

చాంపియన్‌షిప్‌లో ఓడేవాళ్లు చాలామంది ఓడేది స్టీరింగ్ దగ్గర కాదు, అప్‌గ్రేడ్ దుకాణంలో. కారు సత్తాకు ఆట వేసే అంకె పీఐ. ఉదాహరణకు A క్లాస్ అంటే పీఐ 701 నుంచి 800 దాకా. కారును 800 అంచుకి లాగాలి సరే, ఆ పాయింట్లను దేనిమీద ఖర్చుపెడుతున్నారన్నదే అసలు సంగతి. కొత్తగా ఆడేవాళ్లు నేరుగా ఇంజిన్ మీద పడతారు. హార్స్‌పవర్ పెరుగుతుంది, పీఐ అయిపోతుంది, మలుపులో కారు ముక్కు బయటికే పోతుంది. మొదట టైర్లు, తర్వాత బరువు తగ్గించడం, మిగిలిన పీఐతో ఇంజిన్: ఈ వరుస చాలా కార్లకు పనిచేస్తుంది. మట్టి రేసులైతే ర్యాలీ టైర్లు, ర్యాలీ సస్పెన్షన్ వేయాల్సిందే. స్పోర్ట్ గేర్‌బాక్స్ వేస్తే ఫైనల్ డ్రైవ్ (గేర్లన్నిటినీ ఒకేసారి సర్దే నిష్పత్తి) ఒక్కటే మార్చుకోవచ్చు. ఒక్కో గేరునీ విడిగా సర్దాలంటే రేస్ గేర్‌బాక్స్ కావాలి. తిన్నని రోడ్డు సగంలోనే ఆఖరి గేరులో రెవ్ లిమిటర్ (ఇంజిన్ తిరిగే వేగానికి హద్దు) తగిలి ఇంజిన్ డకడకలాడుతోందంటే, ఫైనల్ డ్రైవ్‌ను వేగం వైపు రెండు మెట్లు జరపండి. ఇదంతా తలనొప్పి అనుకునేవాళ్లు వేరే ఆటగాళ్లు పంచిన ట్యూన్ (సిద్ధంగా ఉన్న కారు సెట్టింగులు) దించుకోవచ్చు. తొమ్మిది అంకెల షేర్ కోడ్ కొడితే చాలు. ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ బటన్ మాత్రం నొక్కకండి, అది కారును క్లాసులోకి చేరుస్తుందే గానీ ఆ రేసుకు తగ్గట్టు తయారుచేయదు.

స్టంట్లలో ఎక్కువమంది తప్పు లెక్కవేసేది స్పీడ్ జోన్‌ని. స్పీడ్ ట్రాప్ ఆ కెమెరా ముందు వేగం ఒక్కటే చూస్తుంది, స్పీడ్ జోన్ మొత్తం దూరానికి సగటు తీస్తుంది. కిలోమీటరు జోన్ అనుకుందాం. సగం తిన్నని రోడ్డు, అక్కడ 200. మిగతా సగం మలుపులు, అక్కడ 100. సగటు 150 అనిపిస్తుంది గానీ, మలుపుల్లో రెట్టింపు సమయం గడుస్తుంది కాబట్టి అసలు సగటు 133. ఇప్పుడు ఇంజిన్ మార్చి తిన్నని రోడ్డు మీద 240 తెచ్చారనుకోండి, సగటు 141 దగ్గర ఆగుతుంది. అలా కాకుండా తిన్నచోట 200కే ఉంచి, మలుపుల్లో 100ను 130 చేస్తే సగటు ఏకంగా 157 దాటుతుంది. మూడో నక్షత్రానికి నాలుగైదు కిలోమీటర్ల వేగం తక్కువపడి పళ్లు నూరుకుంటున్నప్పుడు కావాల్సింది పెద్ద ఇంజిన్ కాదు, పట్టున్న టైర్లు. జోన్‌లోకి ఎటునుంచి దూకాలన్నది కూడా చూసుకోవాలి. రెండు వైపులా ప్రవేశం ఉంటుంది. నెమ్మది మలుపు గేటుకు దగ్గరగా ఉన్న వైపు వదిలేసి, పరుగందుకోవడానికి చోటున్న రెండో వైపు నుంచి రావాలి. బోర్డు దాటాక సంఖ్య మెల్లగా అంచు మీదికి ఎక్కి, మూడో నక్షత్రం వెలిగే ఆ అర సెకను ఉంటుందే, ఈ ప్లేలిస్ట్ మొత్తంలో దానికి సాటివచ్చే సంతోషం లేదు.

డేంజర్ సైన్‌కి (కారు గాల్లోకి ఎంత దూరం దూకిందో కొలిచే స్టంట్) మంచి వేగమున్న ఆల్‌వీల్ డ్రైవ్ కారు, వెనక బోలెడంత రోడ్డు ఉంటే సరిపోతుంది. డ్రిఫ్ట్ జోన్‌లో ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ రెండూ ఆపేయాలి. అవి ఉంటే ఎంత తిప్పినా కారు తనంతట తానే సర్దుకుంటుంది, పాయింట్లు రావు.

ఇక ట్రయల్. ఆరుగురు ఆటగాళ్లు ఒక జట్టు, ఎదుట అన్‌బీటబుల్ స్థాయి డ్రైవటార్లు, మూడు రేసుల్లో రెండు గెలవాలి. రివైండ్ లేదు. స్థానాలకొచ్చే పాయింట్లు జట్టంతటికీ కలిపి లెక్కేస్తారు కాబట్టి మీరొక్కరే మొదటి స్థానంలో వచ్చి మిగతా ఐదుగురూ అట్టడుగున ఉంటే ఓటమే. ఈ సంగతి తెలియనివాళ్లు మొదటి మలుపులోనే బ్రేకుకు బదులు సొంత జట్టువాడి బంపర్ వాడతారు. సగంలో ఇద్దరు వదిలి వెళ్లిపోతే మిగిలినవాళ్ల పని దేవుడి మీద భారమే. పది పాయింట్లకు ఇదంతా అవసరమా అంటే, సీజన్ మారిన మొదటి ఒకట్రెండు రోజుల్లో ప్రయత్నించండి. ప్రతి వారం వదలకుండా ఆడేవాళ్లు అప్పుడే ఉంటారు. మంచి ట్యూన్‌తో రండి, మొదటి మలుపు ముందు కొంచెం ముందుగానే బ్రేకు పట్టి గుంపును పోనివ్వండి. ముందు దూకినవాళ్లు ఒకరినొకరు గుద్దుకుంటుంటే లోపలి వైపు నుంచి రెండు మూడు స్థానాలు ఊరికే దొరుకుతాయి. రెండుసార్లు ఓడితే ఇక వదిలేయడం మేలు. మూడో చాంపియన్‌షిప్, ఫోటో ఛాలెంజ్, ట్రెజర్ హంట్, ఈవెంట్‌ల్యాబ్ (ఆటగాళ్లు తయారుచేసిన రేసులు), రోజువారీ పనులు కలిపితే ట్రయల్ జోలికి వెళ్లకుండానే 40 నిండే వారాలు ఉంటాయి.

ఫోటో ఛాలెంజ్ అరనిమిషం పని, చెప్పిన కారులో చెప్పిన చోటికి వెళ్లి ఫోటో మోడ్‌లో కారు కనబడేలా తీస్తే అయిపోయింది. ట్రెజర్ హంట్‌లో పొడుపుకథ విప్పాక మ్యాప్ మీద వెతకాల్సిన చోటు తెరుచుకుంటుంది, పెట్టెను గుద్ది పగలగొట్టాలి. రైవల్స్‌లో (ల్యాప్ టైమ్ పోటీలో) టైమ్ ఎంతన్నది పట్టించుకోకండి, ఒక్క ల్యాప్ శుభ్రంగా తిరిగితే చాలు. గోడ తగిలినా, రివైండ్ వాడినా ఆ ల్యాప్ చెల్లదు.

వారం ఛాలెంజ్ కారు మీ గరాజ్‌లో లేకపోతే ముందు ఆటలోని కార్ల దుకాణం ఆటోషోలో చూడండి. అక్కడ లేకపోతేనే ఆటగాళ్లు కార్లు వేలం వేసే ఆక్షన్ హౌస్. గురువారం అందరూ ఆ ఒక్క కారు కోసమే ఎగబడతారు కాబట్టి ధర కొండెక్కుతుంది. తొందర లేదనుకుంటే శనాదివారాల దాకా ఆగండి. బహుమతి కార్లది ఇందుకు తిరగబడ్డ లెక్క. గెలిచినవాళ్లు అమ్మకానికి పెట్టేది ఆ వారంలోనే, ఆ తర్వాత సరుకు తగ్గుతూ పోతుంది. బాగా అరుదైనవి చివరికి 2 కోట్ల క్రెడిట్ల గరిష్ఠ ధర దగ్గర వేలాడతాయి. 40 అందుకోలేని వారంలో రెండో కారు మీద మనసుంటే బుధవారం రాత్రి లోపే ఆక్షన్ హౌస్ చూసుకోండి.